తలుపుల పనికి మిషన్లు: ముందు ఏది కొనాలి?

రావులపాలెం కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది నాన్నగారి కాలం నుంచి తలుపుల పనే. చేతి ప్లానర్, అంచులూ గాళ్లూ చెక్కే చేతి రౌటర్, ఒక సర్క్యులర్ సా, ఇంతే మా సరంజామా. నెలకి పది పన్నెండు టేకు పానెల్ తలుపులు వస్తున్నాయి, ఇద్దరికీ ఊపిరాడటం లేదు. చేతిలో నాలుగు లక్షలున్నాయి. తమ్ముడు చిన్న సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే చెక్కుడు మిషను) కొందామంటాడు, నేను చిత్రిక మిషనంటాను. షెడ్డులో ఇంకా సింగిల్ ఫేజే. వాడినవాళ్లు చెప్పండి.

టేకుమాను_కరీంనగర్
తమ్ముడూ, సీఎన్‌సీ పువ్వులు చెక్కుతుంది. మెలి తిరిగిన తలుపు చట్రం పట్టీని సాపు చేయదు. ముందు సర్ఫేస్ ప్లానర్ (సర్ఫేసర్) కొను, చెక్క ముఖాన్ని సాపు చేసే చిత్రిక మిషను అదే.

నేను చేసిన తప్పు చెప్తాను. మందం సమానంగా వస్తే చాలనుకుని మొదట థిక్‌నెసర్ కొన్నాను. అందులో రోలర్లు చెక్కని అదిమి పట్టి లోపలికి లాగుతాయి. బయటికి రాగానే చెక్క మళ్లీ తన మెలి తనే తిరుగుతుంది. మందం అంతటా ఒకటే, వంకర మాత్రం అలాగే. ఆ పట్టీలతో బిగించిన తలుపు కింది మూల గుమ్మానికి తగిలితే పై మూల వేలు పట్టేంత ఎడం. నాలుగు తలుపులు విప్పి మళ్లీ చేశాను. సర్ఫేసర్ మీద ఒక ముఖం, ఒక అంచు మూలమట్టానికి తెచ్చాకే థిక్‌నెసర్‌లో పెట్టాలి. బల్ల పొడవు చూసుకో. ఏడడుగుల నిలువు పట్టీని నాలుగడుగుల బల్ల మీద సరి చేయడం నరకం. ఆరడుగులైనా ఉండాలి.

గుమ్మాల_గురువు
పై మాటకి నా ఓటు. రెండోది మోర్టైజర్, అంటే చెక్కకి బెజ్జాలు కొట్టే మిషను. కుసులు (బెజ్జంలో దూరే కొసలు) ఎలాగోలా సా మీద కోసుకోవచ్చు, బెజ్జాలు ఉలితో కొడుతూ కూర్చుంటే రోజు గడిచిపోతుంది. 38 మి.మీ. మందం రెక్కకి మూడో వంతు లెక్కన అర అంగుళం బెజ్జం, దానికి చతురస్రపు ఉలి మిషను చాలు. ఐదంగుళాలు, మూడంగుళాల దిమ్మెలతో గుమ్మాలు కూడా చేస్తే చైన్ మోర్టైజర్ వేగం, కాకపోతే బెజ్జం అడుగు గుండ్రంగా వస్తుంది.

సీఎన్‌సీ_నేనే
సీఎన్‌సీ ఉన్నవాడినే చెప్తున్నా, కోప్పడకండి. నా మిషను గిట్టుబాటైంది చుట్టుపక్కల పది షాపులు పూజగది తలుపులు చెక్కించుకోవడానికి వస్తాయి కాబట్టి. సొంత తలుపులకే అయితే ఈఎంఐ కూడా రాదు. చెక్కుడు పని బయట ఇచ్చుకోండి.

పదును_బాబాయ్
మిషన్ల గొడవే గాని బ్లేళ్ల మాట ఎవరూ ఎత్తరేం? టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, మామూలు ఉక్కు బ్లేడు పదును చూస్తుండగానే పోతుంది. కార్బైడ్ ముక్కలు అతికిన టీసీటీవే తీసుకోండి. 12 అంగుళాల సాకి నిలువు కోతకి 24 పళ్లది, అడ్డకోతకి 60 పళ్లది, రెండూ ఉండాలి. 60 పళ్లదానితోనే నిలువు కోత కూడా కోస్తే చెక్క కాలి నల్లబడుతుంది.

రౌటర్‌తో పలక (తలుపు మధ్యలో కూర్చునే పానెల్) అంచు చెక్కేటప్పుడు భద్రం. 80 మి.మీ. బిట్టుని 22 వేల స్పీడులో తిప్పితే దాని అంచు సెకనుకి 90 మీటర్లు దాటుతుంది. పది పన్నెండు వేలకి తగ్గించండి, సన్న కాడ బిట్లు వద్దు, పొట్టు కొంచెం కొంచెంగా తీయండి. నా ఎడమ చేతి చూపుడు వేలు కొస ఇప్పుడు లేదు. అది రౌటర్ వల్ల కాదు, గార్డు తీసేసిన ప్లానర్ వల్ల. తీసేసింది నేనే.

రావులపాలెం కుర్రోడు
బాబాయ్, చదివి కాసేపు మాట రాలేదు. సింగిల్ ఫేజ్ మోటారు పెట్టుకోవచ్చా?

టేకుమాను_కరీంనగర్
సాయంత్రం వోల్టేజీ పడితే మూడు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు మూలుగుతుంది. నాది రెండుసార్లు కాలింది. త్రీఫేజ్ కనెక్షన్‌కి ముందే దరఖాస్తు పెట్టు, లోడు ఎక్కువైతే మోటారుని ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టర్ తప్పనిసరి. దుంగలు కోసే బ్యాండ్ సా ఆలోచనుంటే మాత్రం అటవీ శాఖ లైసెన్సు కావాలి, అడితిలో కోయించుకోవడమే హాయి.

గుమ్మాల_గురువు
డబ్బు చాలకపోతే పీఎం విశ్వకర్మ చూడండి. 2023 సెప్టెంబరులో మొదలైంది, వడ్రంగులు కూడా అర్హులే. పనిముట్లకి 15 వేలు, తర్వాత ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, ఆపైన రెండు లక్షల దాకా అప్పు. ఇంటికొకరికే ఇస్తారు, అన్నదమ్ములు ముందే తేల్చుకోండి.

ఇంకోటి, ఓ రెండు వేలు తేమ మీటరుకి పక్కన పెట్టండి. 12 శాతం దగ్గర లేని చెక్కకి ఎంత మంచి మిషనైనా దండగ. పలకకి గాడిలో జిగురు రాయొద్దు, అది కదలాలి. మా కుర్రాడు రాశాడు, ఎండాకాలం రాగానే పలక నిలువునా పగిలింది.

రావులపాలెం కుర్రోడు
తమ్ముడికి ఇదంతా చదివి వినిపించాను, మొహం మాడ్చుకున్నా ఒప్పుకున్నాడు. సర్ఫేసర్, మోర్టైజర్ ఇప్పుడు, థిక్‌నెసర్ సంక్రాంతి తర్వాత. రాజమండ్రిలో ఆరున్నర అడుగుల పాత సర్ఫేసర్ ఒకటుందట. ఏం చూడాలి?

పదును_బాబాయ్
రెండు బల్లల మీద కలిపి పొడవాటి ఇనుప స్కేలు పెట్టి కిందనుంచి వెలుతురు చూడు. కరెంటు తీయించి, బెల్టు తప్పించి, బ్లేళ్లు బిగించిన బ్లాకుని చేత్తో తిప్పు, బేరింగు గరగరమంటుందేమో విను. గార్డు ఎక్కడుందో అడుగు. లేదంటే బేరంలో దాని ఖరీదు తగ్గించుకుని, ముందు అది చేయించాకే స్విచ్ వెయ్యి.