కిలోమీటర్లు తక్కువున్న కామ్రీయా, బిల్లులున్న అకార్డా?

ప్రశ్న: ఇంట్లో ఐదుగురం. పాత కారు తీసుకోవాలని రెండు చూశాం. ఒకటి 2007 టయోటా కామ్రీ, 2.4 లీటర్ల ఇంజిన్. 90 వేల కిలోమీటర్లే తిరిగింది కానీ సర్వీసు కాగితాలు ఒక్కటీ లేవు. రెండోది 2006 హోండా అకార్డ్ వి6 (ఆరు సిలిండర్ల ఇంజిన్), 1.7 లక్షలు తిరిగింది, బిల్లులన్నీ ఉన్నాయి. ఏది తీసుకోమంటారు?

జవాబు 1: కళ్ళు మూసుకుని కామ్రీ తీసుకోండి. దాంట్లో టైమింగ్ చెయిన్, అంటే ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా తిప్పే గొలుసు ఉంటుంది, ఇన్నేళ్ళకోసారి మార్చాలన్న బాధ లేదు. అకార్డ్ వి6లో అదే పనికి ఉండేది రబ్బరు బెల్టు. అది తెగిందంటే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పోయినట్టే.

జవాబు 2: చెయిన్ సంగతి నిజమే. కానీ కళ్ళు మూసుకుని మాత్రం వద్దండీ. 2007-09 కామ్రీల్లో ఆ 2.4 ఇంజిన్‌కు ఆయిల్ తాగే జబ్బుంది. పిస్టన్ రింగుల దగ్గర మసి పట్టేసి ఆయిల్ లోపలే కాలిపోతుంది. కింద చుక్క కూడా కారదు కాబట్టి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూసే అలవాటు లేనివాళ్ళకు తెలియనే తెలియదు. అలాంటివాళ్ళ చేతిలో ఎన్నాళ్ళుందో చెప్పే కాగితమే లేదు, నా టెన్షన్ అదే. టయోటా కొన్నాళ్ళు ఉచితంగా బాగుచేసింది, ఆ గడువు ఎప్పుడో అయిపోయింది.

90 వేలన్న అంకెనూ ఊరికే నమ్మొద్దు. బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, డ్రైవర్ సీటు అంచు చిట్లి ఉంటే మీటర్‌ను అనుమానించాల్సిందే.

అకార్డ్‌లో బెల్టు మార్చిన బిల్లు చూడండి. వాటర్ పంపు, టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచే భాగం) కూడా అందులోనే ఉంటే పని సరిగ్గా చేయించినట్టు. నా ఓటు అకార్డ్‌కే.

జవాబు 3: ఎయిర్‌బ్యాగుల మాటే ఎత్తడం లేదేంటి? ఆ ఏళ్ళ అకార్డ్‌లలో ఉన్నవి తకాటా అనే కంపెనీ చేసినవి. అవి పేలితే లోహపు ముక్కలు మనిషి మీదికొస్తాయి. పిల్లలు ఎక్కే బండి!

జవాబు 2: మంచి మాట గుర్తుచేశారు. 2003-07 అకార్డ్‌లను అందుకే రీకాల్ చేశారు, అంటే ఎయిర్‌బ్యాగు మార్చడానికి కంపెనీయే వెనక్కి పిలిచింది. ఛాసిస్ నంబర్ చెప్పి హోండా వాళ్ళనే అడగండి. మార్చలేదంటే, మార్పించేదాకా ఆ బండి రోడ్డెక్కకూడదు.

అడిగినవారు: ఎయిర్‌బ్యాగులు మార్చారట, కాగితం చూపించారు. బెల్టు బిల్లు మాత్రం తొమ్మిదేళ్ళ నాటిది.

జవాబు 2: అయితే బెల్టుకు కాలం చెల్లింది. బండి తిరగకపోయినా రబ్బరు పాడవుతుంది, ఏడేళ్ళు దాటితే మార్చాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. చూడ్డానికి వెళ్ళేముందు ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. చల్లటి ఇంజిన్ మీద తొలి స్టార్ట్‌లో వచ్చే పొగా, చప్పుడూ మీరే చూడాలి.