కెరీర్ మోడ్‌లో త్వరగా ముందుకెళ్లాలంటే మన్ ముందా, మిన్మస్ ముందా?

కూకట్‌పల్లి_కెర్బల్ | సోమవారం, రాత్రి 10:52

రాకెట్లు కట్టి ఎగరేసే కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ ఆట ఆడేవాళ్లందరికీ నమస్తే. మొదటి భాగమే, రెండోది కాదు. కెరీర్ మోడ్, నార్మల్. 25 వేలతో మొదలుపెట్టి మూడు వారాలైంది. ఆటలో మన భూమి లాంటి కెర్బిన్ కక్ష్యలోకి వెళ్లి రావడం వచ్చేసింది. లాంచ్‌ప్యాడ్ ఒకసారి అప్‌గ్రేడ్ చేశా, ఖాతాలో 2 లక్షల 60 వేలున్నాయి. సైన్స్ పాయింట్లు త్వరగా రావాలంటే కెర్బిన్‌కున్న రెండు చందమామల్లో ముందు మన్‌కి వెళ్లాలా, మిన్మస్‌కా? ఏ భవనం మీద డబ్బులు పెట్టాలి? పాప పడుకున్నాక రాత్రి నాకు దొరికేది ఒక్క గంట. కాస్త సూటిగా చెప్పండి.

మిన్మస్_మామ | సోమవారం, రాత్రి 11:10

మిన్మస్. ఇందులో చర్చ ఏముంది?

మన్ దగ్గర, కాదనను. కానీ కక్ష్యలోంచి దిగడానికి 580 మీ/సె వేగం మార్చేంత ఇంధనం, మళ్లీ పైకి లేవడానికి ఇంకో 580 కావాలి. మిన్మస్‌కి చెరో 180 చాలు. కెర్బిన్ కక్ష్య నుంచి బయల్దేరడానికి మన్‌కి 860, మిన్మస్‌కి 930. ఆ 70 ఒక లెక్కా? పైగా నేల మీద చేసే ప్రతి ప్రయోగానికీ సైన్స్ పాయింట్లు మన్‌లో 4 రెట్లు, మిన్మస్‌లో 5 రెట్లు.

ఇంకోటి. మిన్మస్ మీద ఫ్లాట్స్ అని నున్నటి మైదానాలుంటాయి. వాటి ఎత్తు సరిగ్గా సున్నా. ఆల్టిమీటర్ ఎంత చూపిస్తే నువ్వు అంత ఎత్తులో ఉన్నట్టు. మన్ మీద మీటర్ 3000 అంటుంది, కింద కొండ 2900 దగ్గర కూర్చుని ఉంటుంది.

భవనాలు: ట్రాకింగ్ స్టేషన్ లక్షన్నర, మిషన్ కంట్రోల్ 75 వేలు. ఈ రెండూ అయితేగానీ మాన్యూవర్ నోడ్స్ (ఇంజిన్ ఎక్కడ, ఎంత వేయాలో ముందే పెట్టుకునే గుర్తులు) రావు. ట్రాకింగ్ స్టేషన్ మొదటి లెవెల్లో ఉన్నంతకాలం మామూలు కమ్యూనోట్రాన్ 16 యాంటెన్నా సిగ్నల్ 31 వేల కి.మీ. దాటదు. మిన్మస్ 47 వేల కి.మీ. అవతల ఉంది. మిగతా భవనాలు తర్వాత.

ఉప్పల్_ఉపగ్రహం | సోమవారం, రాత్రి 11:14

మన్ కాదన్నా, మున్. యు మీద రెండు చుక్కలుంటయ్ చూడు.

డెల్టావీ_దాదా | సోమవారం, రాత్రి 11:58

తమ్ముడూ, మామగారి లెక్కలన్నీ కరెక్టే. సలహా మాత్రం తప్పు.

ముందు మన్‌కి వెళ్లు. నోడ్స్ లేకుండా వెళ్లు. 80 కి.మీ. దగ్గర గుండ్రటి కక్ష్యలో తిరుగుతూ బయటికి చూస్తూ ఉండు. కెర్బిన్ అంచు మీద మన్ పైకి తేలగానే ముక్కు ప్రోగ్రేడ్‌కి (ఓడ పోతున్న దిక్కుకి) తిప్పి ఇంజిన్ వెయ్యి. అపోయాప్సిస్ (కక్ష్యలో అన్నిటికన్నా ఎత్తైన చోటు) 11,400 కి.మీ.కి చేరాక ఆపు. అంతే, మన్ నీకు ఎదురొస్తుంది. ఆ లక్షన్నర పెట్టకముందే చేయొచ్చు. మిన్మస్ కక్ష్య 6 డిగ్రీలు వంగి ఉంటుంది, కొత్తవాడు ఆ వంపు సరిచేసుకోలేక ఇంధనం తగలేస్తాడు.

భవనాల్లో ఆస్ట్రోనాట్ కాంప్లెక్స్ ముందు. 75 వేలు. అది లేకపోతే కెర్బిన్ నేల దాటాక ఎవరూ క్యాప్సూల్ తలుపు తీయలేరు. మిన్మస్ దాకా వెళ్లి లోపలే కూర్చుని రావడం ఏం సంబడం?

ఇంకా ఏ గ్రహం వద్దనుకుంటే స్పేస్ సెంటర్ చుట్టూనే నడువు. లాంచ్‌ప్యాడ్, రన్‌వే, ఒక్కో భవనం, అన్నీ విడివిడి బయోమ్‌లే (విడిగా సైన్స్ ఇచ్చే ప్రాంతాలే).

మిన్మస్_మామ | మంగళవారం, ఉదయం 8:20

నడువు అట! ఒక్కో ఈవీఏ రిపోర్టుకి, అంటే ఓడ బయటికొచ్చి రాసేదానికి, ఎంతొస్తుంది సార్? మూల విలువ 8, కెర్బిన్ నేల మీద 0.3 రెట్లు. 2.4 పాయింట్లు. ఆయనకున్న ఒక్క గంటలో భవనాల చుట్టూ ప్రదక్షిణాలు చేయమంటారా?

డెల్టావీ_దాదా | మంగళవారం, ఉదయం 9:05

2.4 ఊరికే వస్తున్నప్పుడు చేదా? పది భవనాలైతే 24. మొదట్లో టెక్ ట్రీలో (పాయింట్లతో కొత్త భాగాలు తెరిచే పట్టికలో) ఒక మెట్టు తెరవడానికి అది చాలు.

మిన్మస్_మామ | మంగళవారం, ఉదయం 9:11

ఆయన మొదట్లో లేడు. మూడు వారాలైంది. ప్రశ్న చదవండి.

డెల్టావీ_దాదా | మంగళవారం, ఉదయం 9:13

చదివాను. పది భవనాలు, 24 పాయింట్లు. తప్పయితే చెప్పండి.

సీటీసీ_సుబ్బు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఎందుకు కొట్టుకుంటారు, ల్యాబ్ పెట్టేయండి. డేటాని సైన్స్ పాయింట్లుగా మార్చే మొబైల్ ప్రాసెసింగ్ ల్యాబ్, అందులో ఇద్దరు సైంటిస్టులు. ఒక్కో డేటాకి 5 సైన్స్. టైమ్ వార్ప్ నొక్కి టీ తాగి వస్తే టెక్ ట్రీ సగం అయిపోతుంది. నా పీసీ సికింద్రాబాద్‌లో కొన్న సెకండ్ హ్యాండ్‌ది, పెద్ద రాకెట్లంటే ఫ్యాను హెలికాప్టర్ లాగా మోగుతుంది. అందుకే నాకు ల్యాబే దిక్కు.

డెల్టావీ_దాదా | మంగళవారం, మధ్యాహ్నం 2:02

ఇదిగో, ఇదే నా బాధ. నిద్రపోయి లేస్తే పాయింట్లు. దీన్ని ఆట అంటారా?

చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయల్దేరింది, ఆగస్టు 23న దిగింది. 40 రోజులు. ఇస్రో వాళ్లకి షార్ట్‌కట్ తెలియకనా? మెట్టు మెట్టుగా వెళ్లారు కాబట్టే దిగారు.

మిన్మస్_మామ | మంగళవారం, మధ్యాహ్నం 2:40

సార్, అది ఓపిక కాదు, పొదుపు. ఎల్‌వీఎం3 రాకెట్ ఆ బరువుని నేరుగా చంద్రుడి దాకా విసరలేదు. అందుకని భూమికి దగ్గరగా వచ్చినప్పుడు కొంచెం కొంచెంగా మండించి కక్ష్య పెంచుకుంటూ పోయారు. అపోలో 11 దగ్గర శాటర్న్ 5 ఉంది, నాలుగు రోజుల్లో దిగింది. అంటే ఇస్రో చేసింది నేను చెప్పేదే. ఉన్నదాంట్లో ఎక్కడ తక్కువ ఖర్చో చూసుకోవడం. మీ ఉదాహరణ నాకే పనికొచ్చింది, థాంక్స్.

ఉప్పల్_ఉపగ్రహం | మంగళవారం, మధ్యాహ్నం 2:51

మన హైదరాబాద్ వాళ్ల రాకెట్ విక్రమ్-ఎస్ 2022ల 89.5 కి.మీ. పోయింది. కెర్బిన్ మీదైతే 70కే అంతరిక్షం. కాంట్రాక్ట్ డబ్బులొస్తుండె.

డెల్టావీ_దాదా | మంగళవారం, రాత్రి 9:30

మామగారూ, మీకు వెటకారం బాగా వచ్చు. నాది ఒక్క మాట చెప్తా.

నేను ఇంటర్ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివా, పేరెందుకు. ఫిజిక్స్ సార్ ఫార్ములా ఎలా వచ్చిందని అడిగితే, "ఎంసెట్‌లో ఎలా వచ్చిందని అడగరు, ఆప్షన్స్ ప్రతిక్షేపించు" అనేవారు. ప్రతిక్షేపించా, ర్యాంకు వచ్చింది. ఇంజినీరింగ్ మూడో ఏడు వైవాలో కక్ష్యా వేగం ఎందుకు తగ్గుతుందో చెప్పమంటే నోరు పెగల్లేదు. పక్కనే నా ఫ్రెండ్స్. ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

ఆ జవాబు నాకు ముప్పై నాలుగేళ్ల వయసులో ఈ ఆటలో తెలిసింది. రాత్రి రెండింటికి, ముందున్న ఓడని అందుకోవాలని వేగం పెంచితే ఇంకా వెనకబడిపోయినప్పుడు. పైకి పోయేకొద్దీ నిదానమవుతాం అని అప్పుడు బుర్రకెక్కింది. ఎవరైనా గైడ్ ఇచ్చి ఉంటే ఎక్కేది కాదు.

కూకట్‌పల్లి_కెర్బల్ | మంగళవారం, రాత్రి 10:41

దాదా అన్నా, మీ వైవాకి నేనేం చేయను? గచ్చిబౌలి నుంచి ఇంటికొచ్చేసరికి తొమ్మిదవుతుంది. పొద్దున్నుంచి ప్రతి మీటింగ్‌లో ఎవరో ఒకరు నాకు "నేర్చుకో" అని చెప్పేవాళ్లే. రాత్రి కూడా పాఠమేనా? నేను నేర్చుకోవడానికి రాలేదు. మిన్మస్ మీద నిలబడి కెర్బిన్ ఎలా కనిపిస్తుందో చూడాలని ఉంది. అంతే. ఆ ఒక్క గంట నాది.

మిన్మస్_మామ | మంగళవారం, రాత్రి 11:15

ఆయన అడిగింది ఇదీ. చూడాలని. దీనికి మీరు క్యారెక్టర్ సర్టిఫికెట్ అడుగుతున్నారు.

ఎలాగూ మాటొచ్చింది కాబట్టి నేనూ అనేస్తా. రెండేళ్ల కింద ఇక్కడే మిన్మస్ గైడ్ రాశాను. మూడు ఆదివారాలు పట్టింది, ప్రతి బొమ్మా నేనే తీశా. మీరు కింద ఒకే ఒక్క మాట రాశారు: "ఆల్ ఇన్ వన్." అది మరిచిపోలేదు. నేను ఆ గైడ్ రాసింది షార్ట్‌కట్ అమ్ముకోవడానికి కాదు. నాకు నేర్పేవాళ్లు లేక నాలుగు నెలలు కక్ష్యలోకే వెళ్లలేకపోయా. ఇంకొకరికి ఆ నాలుగు నెలలు వద్దనుకున్నా.

డెల్టావీ_దాదా | బుధవారం, ఉదయం 6:50

అది జోక్‌గా అన్నా. మీకు అలా తగిలిందని తెలీదు.

కానీ ఆ నాలుగు నెలలు వృథా అని మీరెందుకనుకుంటున్నారో నాకిప్పటికీ అర్థం కాదు.

మిన్మస్_మామ | బుధవారం, ఉదయం 7:02

ఎందుకంటే అవి నావి కాబట్టి.

కూకట్‌పల్లి_కెర్బల్ | శనివారం, రాత్రి 11:20

అప్‌డేట్. మామ చెప్పినట్టే ట్రాకింగ్, మిషన్ కంట్రోల్ చేసి మిన్మస్ వెళ్లా. గ్రేటర్ ఫ్లాట్స్ మీద నా పైలట్ వాలెంటీనా దిగింది! మంచు మైదానం, లేత ఆకుపచ్చ, పైన చిన్న నీలం గోళం. ఐదు నిమిషాలు ఏ బటనూ నొక్కలేదు.

ఇప్పుడు సమస్య. ఒకటి, తలుపు తెరుచుకోలేదు, దాదా అన్న చెప్పినట్టే. రెండు, తిరుగు ప్రయాణంలో ఇంధనం అయిపోయింది. మిన్మస్ ఆకర్షణ పరిధి దాటేశా, కానీ కెర్బిన్ దగ్గర పెరియాప్సిస్ (కక్ష్యలో అన్నిటికన్నా కింది చోటు) 88 కి.మీ. వాతావరణం 70 దగ్గర మొదలు. ఇలాగే తిరుగుతూ ఉంటుంది. మూడు, మిన్మస్ కాంట్రాక్టుల డబ్బు చూసి ఆవేశపడి వీఏబీ (రాకెట్లు కట్టే భవనం) అప్‌గ్రేడ్ చేసేశా. మిగిలింది 61 వేలు.

డెల్టావీ_దాదా | శనివారం, రాత్రి 11:24

ఓడ అపోయాప్సిస్ దగ్గరుందా? అంత దూరంలో నాలుగైదు మీ/సె తగ్గించినా చాలు, పెరి కిందికొస్తుంది. వాలెంటీనా బయటికొచ్చి జెట్‌ప్యాక్‌తో నెట్టాలి. ఆస్ట్రోనాట్ కాంప్లెక్స్ ఇప్పుడైనా అప్‌గ్రేడ్ చేయొచ్చు, ఓడ గాల్లో ఉన్నా పర్లేదు, వెంటనే అయిపోతుంది. 75 వేలు కావాలి.

సీటీసీ_సుబ్బు | శనివారం, రాత్రి 11:26

ఓడ దిగి నెట్టడం ఆటేనా దాదా? 😀

డెల్టావీ_దాదా | శనివారం, రాత్రి 11:27

నువ్వు ఆగు సుబ్బూ.

మిన్మస్_మామ | శనివారం, రాత్రి 11:29

14 వేలే కదా తక్కువ. మిషన్ కంట్రోల్‌లో "కెర్బిన్ చుట్టూ అంతరిక్షం నుంచి సైన్స్ డేటా" కాంట్రాక్ట్ ఉందేమో చూడు. ఉంటే తీసుకుని, వాలెంటీనా ఓడలో థర్మామీటర్ చదివి పంపించేయ్. కొత్త పాయింట్లు రాకపోయినా కాంట్రాక్ట్ పూర్తవుతుంది. ట్రాకింగ్ లెవెల్ 2 కాబట్టి అక్కణ్ణుంచి సిగ్నల్ అందుతుంది.

డెల్టావీ_దాదా | శనివారం, రాత్రి 11:31

అవును, అది బాగుంది. నాకు తట్టలేదు.

కూకట్‌పల్లి_కెర్బల్ | శనివారం, రాత్రి 11:47

కాంట్రాక్ట్ ఉంది! డబ్బులొచ్చాయి, కాంప్లెక్స్ అయింది. తలుపు తెరుచుకుంది. వెనకనుంచి నెట్టాలా, ముందునుంచా?

డెల్టావీ_దాదా | శనివారం, రాత్రి 11:48

ముందు నువ్వే ఆలోచించు.

మిన్మస్_మామ | శనివారం, రాత్రి 11:48

ముందు నుంచి. ముక్కు ప్రోగ్రేడ్ వైపు పెట్టి, ముక్కు మీద నెట్టు. వేగం తగ్గాలి కదా.

డెల్టావీ_దాదా | శనివారం, రాత్రి 11:49

చెప్పేశారా...

కూకట్‌పల్లి_కెర్బల్ | శనివారం, రాత్రి 11:58

88 నుంచి 81కి వచ్చింది. పాప లేచింది. మిగతాది రేపు.