చవకగా దొరికే డమాస్కస్ వంటింటి కత్తులు అసలువో కాదో గుర్తించడం ఎలా?

ప్రశ్న: బ్రాడీపేట వంటిల్లు, గుంటూరు

అందరికీ నమస్కారం. కొత్తగా వేరు కాపురం పెట్టిన మా ఆడపడుచుకు మంచి కూరగాయల కత్తి ఒకటి కొనిద్దామని ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలు పెట్టి తెప్పించాను. బ్లేడు నిండా నీటి అలల్లాంటి గీతలున్నాయి, పిడి దగ్గర ‘67 పొరల డమాస్కస్, వీజీ-10’ అని చెక్కి ఉంది. చూడటానికి ఎంతో బాగుంది కానీ, అవే మాటలు రాసి ఉన్న జపాన్ కత్తులు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ ధర పలుకుతున్నాయి కాబట్టి అనుమానం వచ్చింది. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో అడిగితే, అయస్కాంతం అంటుకుంటే అసలు ఉక్కేనని చెప్పారు. మా పక్కింటి పిన్నిగారు నిమ్మచెక్క రుద్దితే నల్లబడాలి అంటున్నారు. తిరిగి పంపే గడువు ఇంకా ఉంది. కత్తి పాడు కాకుండా, ఇంట్లోనే నిజం తేల్చుకునే దారి ఏదైనా ఉంటే తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: ఆటోనగర్ లేత్, విజయవాడ

అమ్మా, ముందుగా ఆ రెండు పరీక్షలనూ పక్కన పెట్టండి. వంటింటి కత్తులకు వాడే ఉక్కు దాదాపు అంతా అయస్కాంతానికి అంటుకుంటుంది కనుక నకిలీది కూడా అంటుకుంటుంది. నిమ్మరసం మామూలు కార్బన్ ఉక్కును నల్లబరుస్తుంది కానీ, మీ కత్తి మీద రాసిన వీజీ-10 స్టెయిన్‌లెస్ రకం కాబట్టి అది అసలైనదైనా నిమ్మకు అంత తొందరగా లొంగదు.

ఈ గీతలు ఎలా వస్తాయో తెలిస్తే ఎక్కడ చూడాలో మీకే అర్థమవుతుంది. రెండు రకాల ఉక్కు రేకులను ఒకదానిమీద ఒకటి పేర్చి, బాగా కాల్చి, ఒత్తిడితో ఒకే ముద్దగా అతికిస్తారు. దాన్ని సాగదీసి బ్లేడుగా అరగదీసినప్పుడు లోపలి పొరలు ఏటవాలుగా తెగి పైకి తేలతాయి. ఆ తరువాత ఆమ్లంలో ముంచితే నికెల్ ఉన్న పొర తెల్లగా మెరుస్తూ నిలుస్తుంది, అది లేని పొర నల్లబడుతుంది. అంటే అసలు కత్తిలో గీత పైపూత కాదు, బ్లేడు లోపలిదాకా ఉన్న పొర అంచు అది. నకిలీలో మాత్రం మామూలు స్టెయిన్‌లెస్ బ్లేడు మీద లేజరుతో గాని, అచ్చు వేసి ఆమ్లంతో గాని బొమ్మ మాత్రమే గీస్తారు.

కాబట్టి బ్లేడు పక్కలను కాదు, కత్తి వీపును, అంటే పదునుకు ఎదురుగా ఉండే మొద్దు అంచును చూడండి. పగటి వెలుతురులో భూతద్దంతో గాని, ఫోను కెమెరాను బాగా దగ్గరకు జూమ్ చేసి గాని చూస్తే, అసలు దానిలో ప్లైవుడ్ ముక్క అంచున కనిపించే పొరల్లాగా సన్నని గీతలు పిడి నుంచి మొన దాకా సాగుతూ ఉంటాయి. పక్కల మీది గీతలు పై అంచు దగ్గరకు వచ్చి, అక్కడి నుంచి వీపు మీదికి మలుపు తిరుగుతాయి. వీపు నున్నగా మెరుగు పెట్టి ఉంటే ఇవి మసకగా ఉండవచ్చు కాని, పిడికి ఆనుకుని ఉన్న బ్లేడు మడమ దగ్గర సాధారణంగా కొంత ఆనవాలు దొరుకుతుంది. నకిలీ కత్తిలో బొమ్మ పక్కన నల్లగా స్పష్టంగా ఉండి, వీపు దగ్గరకు రాగానే గీత గీసి ఆపినట్టు ఆగిపోతుంది.

రెండో చోటు పదును అంచు. 67 పొరలంటే నడుమ ఒక గట్టి పొర, దానికి అటు 33, ఇటు 33 అన్నమాట. పదును పెట్టిన చోట పై పొరలు అరిగిపోయి నడిమి పొర ఒక్కటే బయటపడాలి కాబట్టి, అంచుకు కాస్త పైన ఎగుడుదిగుడుగా ఒక సరిహద్దు, దాని కింద గీతలు లేని సాదా ఉక్కు కనిపించాలి. మీ కత్తి మీద రాసిందే నిజమైతే, అలలు సరాసరి పదును దాకా రావడానికి వీల్లేదు. బ్లేడు మొత్తం పొరలతోనే చేసి, నడిమి పొర లేకుండా తయారుచేసే కత్తుల్లో అలా వస్తాయి కానీ అవి వేరే రకం. రెండు పక్కలా గీతలు ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నా, ఒకే ఆకారం కొంత దూరానికోసారి మళ్ళీ మళ్ళీ వస్తున్నా అది అచ్చు వేసిన బొమ్మే.

తిరిగి పంపే గడువు దాటిపోయిన కత్తి అయితే ఆఖరి పరీక్ష ఒకటి ఉంది. మడమ దగ్గర చిన్న చోట 1000 నంబరు వాటర్ పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) గీతలు కనిపించకుండా పోయేదాకా రుద్దాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. రుద్దగానే గీతలు పోయాయి కాబట్టి నకిలీ అని తేల్చేస్తారు. అసలు కత్తిలో కూడా ఆమ్లం తెచ్చిన నలుపు అలా రుద్దితే పోతుంది. తేడా తెలిసేది ఆ తరువాతే. సర్క్యూట్ బోర్డులు చేసే విద్యార్థులు వాడే ఫెర్రిక్ క్లోరైడు ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. నీళ్ళలో కలిపిన ఆ ద్రావణం ఒక చుక్క అక్కడ వేసి కొన్ని నిమిషాలు ఆగితే, అసలు దానిలో అవే గీతలు అదే చోట మళ్ళీ తేలతాయి. స్టెయిన్‌లెస్ పొరలైతే ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది. నకిలీది అంతటా ఒకే బూడిద రంగుకు తిరుగుతుంది. చేతులకు గ్లౌజులు వేసుకోండి. అది బట్టల మీద, గచ్చు మీద పడితే మరక వదలదు. పని అయ్యాక వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, సబ్బుతో తోమి, పొడిగుడ్డతో తుడవాలి.

జవాబు: పటమట కుక్, విజయవాడ

పైన చెప్పినదంతా సరైనదే. అయితే హోటలు వంటింట్లో రోజంతా కత్తి పట్టుకునే మనిషిగా నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. గీతలు అసలువైనంత మాత్రాన కత్తి మంచిదైపోదు. ఉల్లిపాయను కోసేది పక్కనున్న 66 పొరలు కాదు, నడుమనున్న ఒక్క పొర. ఆ పొర ఏ ఉక్కు, దాన్ని ఎంత జాగ్రత్తగా కాల్చి చల్లార్చారు అన్న రెండింటి మీదే పదును నిలవడం ఆధారపడి ఉంటుంది.

వీజీ-10 అనేది జపాన్‌లోని తకెఫు కంపెనీ ఉక్కు. అందులో కార్బన్ సుమారు 1 శాతం, క్రోమియం సుమారు 15 శాతం ఉంటాయి, కొద్దిగా కోబాల్ట్ కూడా కలుస్తుంది. సరిగా చేస్తే రాక్‌వెల్ సి కొలతలో 60 ప్రాంతపు గట్టిదనం వస్తుంది. చైనాలో ఇంచుమించు ఇదే పాళ్ళలో 10సీఆర్15సీవోఎంవోవీ అనే ఉక్కు చేస్తారు. అక్కడి యాంగ్‌జియాంగ్ నగరం కత్తుల తయారీకి పేరున్న చోటు. ఈ ఉక్కును నడుమ పెట్టి నిజంగానే పొరలు అతికించిన కత్తులు జపాన్ వాటికన్నా బాగా తక్కువకు వస్తాయి కాబట్టి, ధర తక్కువగా ఉన్నంత మాత్రాన నకిలీ అని కొట్టిపారేయలేము. అమ్మేవారిని నడిమి పొర ఏ ఉక్కు, గట్టిదనం ఎంత అని రాతపూర్వకంగా అడగండి. ‘డమాస్కస్ ఉక్కు’ అని తప్ప వేరే జవాబు రాకపోతే కొనకండి.

ఇంకొక మాట. అంత గట్టి, పలుచని అంచుతో ఆవకాయకు టెంకతో సహా మామిడికాయ కొట్టినా, కొబ్బరి చిప్ప మీద వేసినా అంచు పెళ్ళలుగా ఊడుతుంది. అసలు కత్తి కొని ఇలా పాడుచేసుకున్నవాళ్ళు దాన్నే నకిలీ అనుకోవడం చూశాను. టెంక కొట్టడానికి మామిడికాయల కత్తిపీట వేరే ఉండాల్సిందే.

జవాబు: తెనాలి చదువరి

అమ్మకపు పేజీల్లో ‘వేల ఏళ్ళనాటి డమాస్కస్ రహస్యం’ అని రాయడం గురించి కూడా చెప్పాలి. పాత డమాస్కస్ కత్తుల ఉక్కు వేరు. దాన్ని మట్టి మూసల్లో కరిగించి దిమ్మలుగా చేసేవారు. దక్షిణ భారతం దానికి పెట్టింది పేరు, మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ కత్తుల్లో చార పొరలు అతికించడం వల్ల వచ్చింది కాదు. ఉక్కులోని వెనేడియం వంటి లోహాలు అతి స్వల్పంగా ఉండి కార్బైడు కణాలను వరుసలుగా పేర్చడం వల్ల వస్తుందని లోహశాస్త్రవేత్త వెర్హోవెన్, కత్తులు చేసే కమ్మరి పెండ్రే 1990లలో చేసిన ప్రయోగాలు చూపించాయి. ఇప్పటి వంటింటి కత్తులకు ఆ పేరు తగిలించినంత మాత్రాన ఆ గుణం రాదు.

ప్రశ్న అడిగినవారు: బ్రాడీపేట వంటిల్లు

మీ అందరికీ ఎంతో కృతజ్ఞతలు. మావారి భూతద్దంతో చూస్తే వీపు మీద ఒక్క గీత కూడా లేదు, అలలు వీపుకు ఒక వెంట్రుకవాసి కిందనే ఆగిపోయాయి. పదును దగ్గర సరిహద్దు లేదు. రెండు పక్కలా మొన దగ్గర ఒకే ఆకారపు సుడి ఉంది. ఫొటోలు జతచేసి తిరిగి పంపడానికి దరఖాస్తు పెట్టాను. అదే డబ్బుకు గీతలు లేని సాదా కత్తి ఏది తీసుకుంటే మంచిది?

జవాబు: పటమట కుక్, విజయవాడ

బొమ్మ మీద పెట్టే ఖర్చు లేదు కనుక ఆ ధరకు సాదా కత్తిలోనే మంచి ఉక్కు దొరుకుతుంది. ఎక్స్50సీఆర్ఎంవోవీ15 (ఇదొక స్టెయిన్‌లెస్ ఉక్కు రకం) అని రాసి ఉన్న ఎనిమిది అంగుళాల కత్తి చూడండి. దాని గట్టిదనం 56 ప్రాంతంలో ఉంటుంది. పదును కాస్త త్వరగా తగ్గినా అంచు పెళ్ళలు ఊడదు, 1000 నంబరు సానరాయి మీద ఇంట్లోనే తిరిగి పదును తెచ్చుకోవచ్చు. మీ ఆడపడుచుగారికి కత్తితోపాటు ఆ రాయి కూడా కొనివ్వండి.