పెద్దవాళ్ల ఫోన్లో యాడ్ బ్లాకర్ పెట్టేయడం సరైనదేనా?

గోదారిగట్టు:
నాన్నగారి ఫోన్లో రోజూ "మీ ఫోన్లో 13 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి" అని వస్తోంది. క్రోమ్ తెరవకపోయినా సరే. ఆరా తీస్తే, ఏదో సినిమా సైట్లో "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అంటే నొక్కారట. అక్కడ ఆయన ఇచ్చింది నోటిఫికేషన్లు పంపుకోవడానికి అనుమతి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి ఆ సైట్‌ని తీసేశాక ఆగిపోయింది. ఇక ఇంట్లో అందరి ఫోన్లకీ, యాడ్లు కనబడకుండా ఆపే యాడ్ బ్లాకర్ పెట్టేద్దామని నేను. తమ్ముడేమో, చిన్న సైట్లు యాడ్ల మీదే బతుకుతాయి, పెద్దవాళ్లకి చెప్పి నేర్పించాలి గానీ అంటాడు. మీరేమంటారు?

డల్లాస్_కోడలు:
పెట్టేయండి. 2022 డిసెంబరులో ఎఫ్‌బీఐ వాళ్లే యాడ్ బ్లాకర్ వాడమని జనానికి సలహా ఇచ్చారు. పేరున్న కంపెనీల వేషంలో మోసగాళ్లు సెర్చ్‌లో యాడ్లు కొంటున్నారని దాని కారణం. మా అత్తగారికి అసలు యాడ్ ఏదో, రిజల్ట్ ఏదో తేడా తెలియదు. ఆవిడకి ఈ వయసులో అది నేర్పించేకంటే ఆ యాడ్ కనబడకుండా చేయడమే మేలు.

వంటింటి_రాతలు:
నాకు చిన్న వంటల సైట్ ఉంది. హోస్టింగ్ ఖర్చు యాడ్ల మీదే వెళ్తుంది. మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ మోసం ఎక్కువగా ఎక్కడినుంచి వస్తోందో చూడండి. దొంగ సినిమా సైట్లు, ఉచిత క్రికెట్ లైవ్ సైట్లు. శిక్ష మాత్రం మాకు పడుతోంది. పైగా బ్లాకర్ ఉందిగా అన్న ధీమాతో ఉంటే, వాట్సాప్‌లో చలానా పేరుతోనో పెళ్లి కార్డు పేరుతోనో వచ్చే ఏపీకేని (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్‌ని) అది ఆపదు కదా?

బెజవాడ_మెకానిక్:
అక్క చెప్పిన ఏపీకే సంగతి నిజం. ముందు ఒక భయం తీరాలి. వెబ్ పేజీకి మీ ఫోన్‌ని స్కాన్ చేసే వీలు లేదు. "13 వైరస్‌లు" అనే అంకె వాళ్లు ముందే రాసి పెట్టుకున్నది, ఎవరు తెరిచినా అదే కనిపిస్తుంది.

పేజీ తెరిస్తేనే వైరస్ ఎక్కిన రోజులు ఉన్నాయి, కాదనను. 2016లో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ సైట్లలో వచ్చిన యాడ్ల ద్వారానే అలాంటి దాడి జరిగింది. ఫ్లాష్ లాంటి పాత ప్లగిన్లలో కన్నాలు అప్పట్లో పెద్ద దారి. ఫ్లాష్ 2020 ఆఖరుతో పోయింది. ఇప్పుడు బ్రౌజర్ అప్‌డేట్‌లో ఉంటే ఆ ప్రమాదం చాలా తక్కువ. అందుకే వాళ్లు మనచేతే నొక్కించే పని పెట్టుకున్నారు. అన్నిట్లోకీ నాకు భయం వేసేది కంప్యూటర్లో వచ్చే దొంగ క్యాప్చా, అంటే మీరు రోబో కాదని నిరూపించుకోమనే పరీక్ష. "విండోస్, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వి, ఎంటర్" అంటుంది. ఆ పేజీ అప్పటికే ఒక కమాండ్‌ని కాపీ చేసి ఉంచుతుంది, మీరు చేత్తో దాన్ని నడిపిస్తారు. పాస్‌వర్డ్‌లు దోచే లుమ్మా ఈ దారిలో కూడా పాకింది. 2025లో రెండు నెలల్లోనే 3,94,000 విండోస్ కంప్యూటర్లలో అది కనబడిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఏ నిజమైన క్యాప్చా కూడా ఆ మీటలు నొక్కమనదు.

ఇక యాడ్ బ్లాకర్ విషయం. నేను పెట్టమనే అంటాను. ఎర ఎన్నిసార్లు కళ్లముందుకొస్తే అంత ప్రమాదం.

పాలమూరు_పిల్లగాడు:
అన్నా, మా పెదనాయినకు స్క్రీన్ మొత్తం నిండిపోయి, సైరన్ మోగుకుంట, మైక్రోసాఫ్ట్ పేరు మీద ఫోన్ నంబర్ వచ్చింది. గాయన ఫోన్ చేసిండు. ఎనీడెస్క్ వేసుకొమ్మన్నరు, గదే దూరంకెళ్లి మన కంప్యూటర్ నడిపించే యాప్. నేను అప్పుడే ఇంట్లకొచ్చిన కాబట్టి సరిపోయింది. గసొంటిది వస్తే ఎట్ల మూసెయ్యాలె?

బెజవాడ_మెకానిక్:
ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకో తమ్ముడూ, ఫుల్ స్క్రీన్ పోతుంది. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపెయ్. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటావా అని అడిగితే వద్దను. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు, పెదనాయినకి ఈ ఒక్క ముక్క చెప్పు. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు మధ్యలో ఆపించడానికి అంత వీలు.

వంటింటి_రాతలు:
అన్నీ చదివాక కూడా నా మాట అదే. ముందు నోటిఫికేషన్లు మొత్తం ఆపండి, గోదారిగట్టు గారి నాన్నగారికి వచ్చిన సమస్య దాంతోనే తీరిపోయేది. ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ల అడ్రసులు వెతికిపెట్టే సర్వీసు) మార్చి యాడ్లన్నీ ఒకేసారి ఆపేస్తే, ఆయనకిష్టమైన సైట్ ఒక్కదానికి మినహాయింపు ఇద్దామన్నా కుదరదు.

బెజవాడ_మెకానిక్:
ఇది ఒప్పుకుంటాను అక్కా. ఆండ్రాయిడ్‌లో క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) పెట్టలేం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసి అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ పెడితే, నమ్మకమున్న సైట్లకి విడిగా ఆపేసుకోవచ్చు. మీ సైట్ బతుకుతుంది, ఆయన ఫోనూ బాగుంటుంది.

గోదారిగట్టు:
అయితే అలాగే చేస్తాను. ఈరోజే అందరి ఫోన్లలో నోటిఫికేషన్లు ఆపేస్తాను. నాన్నగారికి ఫైర్‌ఫాక్స్ వేసి, ఆయన రోజూ చదివే సైట్లకి మినహాయింపు ఇస్తాను. అమ్మది ఐఫోన్ అండీ, దానికి?

బెజవాడ_మెకానిక్:
సఫారీ సెట్టింగ్స్‌లో బ్లాక్ పాప్-అప్స్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అందులో వెబ్‌సైట్‌ని హోమ్ స్క్రీన్‌కి చేర్చుకుంటే తప్ప నోటిఫికేషన్లు రావు. క్యాలెండర్‌లో "మీ ఫోన్ హ్యాక్ అయింది" అని కనబడితే మాత్రం, ఎక్కడో నొక్కి దొంగ క్యాలెండర్‌కి సబ్‌స్క్రైబ్ అయ్యారని అర్థం. ఆ లింకులు ముట్టుకోకుండా, క్యాలెండర్ల జాబితాలో దాన్ని తీసేయండి.