పొకెమాన్ గోల్డ్ క్యాట్రిడ్జ్‌లో పాత సేవ్ చెరగట్లేదు, ఎవరైనా చెప్తారా?

అమెరికాలో పెరిగిన మా పెదనాన్నగారబ్బాయి ఈ సంక్రాంతికి వస్తూ తన చిన్నప్పటి గేమ్ బాయ్ కలర్ (చేత్తో పట్టుకుని ఆడే వీడియో గేమ్), అందులో పెట్టి ఆడే పొకెమాన్ గోల్డ్ క్యాట్రిడ్జ్ మా పాపకి తెచ్చిచ్చాడు. నాలుగేళ్ల కిందట అందులో బ్యాటరీ మార్పించి మళ్లీ ఆడాడట, ఆ ఆట ఇంకా అలాగే ఉంది. "అంతా చెరిపేసి మొదటినుంచీ ఆడుకోమ్మా" అని తనే అన్నాడు. పాపేమో రోజూ పొరపాటున కంటిన్యూ నొక్కి పెదనాన్న ఆటలోకే వెళ్లిపోతోంది.

హో-ఓ పక్షి ఎగిరే టైటిల్ తెర మీద పై బాణం, సెలెక్ట్, బి మూడూ కలిపి నొక్కితే సేవ్ చెరిపెయ్యాలా అని అడుగుతుందని తెలుసు. నాకు మాత్రం ఏమీ అడగట్లేదు. సెలెక్ట్ బటన్ మీదే అనుమానం. కింద రబ్బరు గట్టిపడిందేమో, గోరుతో అదిమితే తప్ప పనిచెయ్యదు. అలా అదుముతూ మిగతా రెండూ పట్టుకోవాలంటే మూడో చెయ్యి కావాలి!

అసలు ఇదంతా లేకుండా న్యూ గేమ్ మొదలుపెట్టి పాత దాని మీదే సేవ్ చేస్తే సరిపోతుందా? ఆటలోని పెట్టెల్లో దాచిన పొకెమాన్లు కూడా పోతాయా?

సేవ్ నిలిచేది బ్యాటరీ మీదే కాబట్టి అది తీసేస్తే చెరిగిపోతుంది, నిజమే. కానీ క్యాట్రిడ్జ్ విప్పడానికి కావాల్సిన 3.8 మి.మీ. గేమ్‌బిట్ స్క్రూడ్రైవర్ నా దగ్గర లేదు, పైగా బ్యాటరీ రేకులు వెల్డింగ్ చేసుంటాయి. ఆ పని నావల్ల కాదు. రబ్బరు శుభ్రం చేసుకునే సులువైన పద్ధతి ఉంటే చెప్పండి ప్లీజ్.