వచ్చే ఏడాదికి నాలుగు నాటకాలు అనుకున్నాము: వరుస, హక్కులు, తేదీల గురించి సలహా కావాలి

ప్రశ్న

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో మాది పాతికమంది సభ్యులున్న ఔత్సాహిక నాటక బృందం. బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసినవారు ఎక్కువమంది. నటించగల స్త్రీలు నలుగురే ఉన్నారు. ఇంతవరకు ఎక్కడైనా పరిషత్తు పోటీలు ప్రకటించినప్పుడు ఒక నాటికను తయారుచేసుకొని వెళ్ళిరావడమే తప్ప, మన ఊరి ప్రేక్షకుల కోసం ఏడాది పొడవునా వరుసగా నాటకాలు ఆడింది లేదు. ఈసారి ఆగస్టు నుంచి ఏప్రిల్ లోపల నాలుగు ప్రదర్శనలు ఇవ్వాలని తీర్మానించుకున్నాము. గురజాడ వారి కన్యాశుల్కాన్ని రెండు గంటలకు కుదించాలని, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రను హార్మోనియంతో సంప్రదాయబద్ధంగా ఆడాలని, రావిశాస్త్రి గారి నిజం, చివరగా పిల్లలతో ఒక సంగీత నాటకం వేయాలని ఆలోచన. టికెట్టు వంద రూపాయలు. పద్యనాటకాన్ని అక్టోబరులో సముద్రతీరాన ఆరుబయట ఆడాలని మా పెద్దలకు ఎంతో కోరికగా ఉంది. కన్యాశుల్కంలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఎవరి అనుమతులు అవసరం, ఈ వరుస సరైనదేనా అన్నవి తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

కన్యాశుల్కం గురించి మాత్రమే చెప్తాను, ఎందుకంటే దానిని కుదించే ప్రయత్నంలో నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. 1892లో విజయనగరంలో ఆడిన రూపం వేరు, 1897లో అచ్చయిన ప్రతి వేరు, 1909లో గురజాడ వారు పెంచి తిరగరాసిన ప్రతి వేరు. ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్నది ఆ మూడోది. అందులో ఉన్న ఏడంకాలనూ యథాతథంగా ఆడితే ఒక రాత్రి చాలదు. మేము చేసిన పొరపాటు ఏమిటంటే, ప్రతి అంకంలోనూ తలా కొంత కత్తిరించి అందరి పాత్రలనూ బతికించాలని చూశాము. దానితో ప్రేక్షకుడికి మనుషులు వచ్చి వెళ్ళడం కనిపించింది గాని కథ కనిపించలేదు.

నాటకంలో రెండు కథలు అల్లుకొని ఉన్నాయి: గిరీశం బుచ్చమ్మల కథ ఒకటి, లుబ్ధావధాన్ల పెళ్ళి చుట్టూ మధురవాణి నడిపే కథ ఇంకొకటి. రెండు గంటల్లో రెండూ పట్టవు. మీరు రెండోదాన్ని వెన్నెముకగా పెట్టుకోండి. మొదటి అంకంలో మంచం కింద దాక్కునే సీను, ఆడపిల్ల వేషంలో కరటకశాస్త్రి శిష్యుడి పెళ్ళి, కంటె తగాదా, చివరకు మగవేషంలో మధురవాణి సౌజన్యారావు పంతులు ఇంటికి రావడం, ఇవి ఉంటే నాటకం నిలబడుతుంది. సారా దుకాణం సీను ఎంత బాగున్నా వదులుకోవలసిందే. నాకూ బాధగానే ఉంటుంది. బొంకుల దిబ్బ దగ్గర మొదలైన ఈ కథ మన విశాఖపట్నంలోనే ముగుస్తుంది కాబట్టి చివరి అంకాన్ని మాత్రం పొదుపుగా కత్తిరించండి. మరొక మాట: ఉత్తరాంధ్ర యాసను సినిమాలో హాస్యగాడు పలికినట్టు పలకనివ్వకండి. ఆ భాష మీ ప్రేక్షకుల ఇళ్ళలో మాట్లాడే భాష, వెంటనే పట్టేస్తారు.

రెండో సమాధానం

పై వారు చెప్పినదాంతో ఏకీభవిస్తున్నాను గాని గిరీశాన్ని మరీ తగ్గిస్తే మన ప్రేక్షకులు ఊరుకోరు. నేను హార్మోనియం వాయిస్తాను, కాబట్టి సత్యహరిశ్చంద్ర విషయానికి వస్తాను.

ముందు హక్కుల సంగతి. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి అరవై సంవత్సరాలు కాపీరైటు ఉంటుంది. గురజాడ వారు 1915లో, బలిజేపల్లి వారు 1953లో పోయారు కాబట్టి ఆ రచనలకు ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కరలేదు. అయితే కాటిసీనులో మనం పాడే శ్మశానం పద్యాలు బలిజేపల్లి వారివి కావు, జాషువా గారివి. వారు 1971లో మరణించారు; అంటే 2031 చివరి వరకు హక్కులు వారసులవి. దశాబ్దాలుగా అందరూ కలిపి పాడుతున్నారు కాబట్టి అవి నాటకంలో భాగమేనని చాలామంది నమ్మకం. రావిశాస్త్రి గారు 1993 వరకు ఉన్నారు కనుక నిజం నాటకానికి అనుమతి ఎలాగూ తీసుకోవలసిందే. 1957 నాటి చట్టం 52వ సెక్షనులో ఔత్సాహిక సంఘాలకు ఒక మినహాయింపు ఉంది: ప్రేక్షకుల దగ్గర డబ్బు తీసుకోకుండా ఆడితే అది ఉల్లంఘన కాదు. మీరు వంద రూపాయల టికెట్టు పెట్టిన మరుక్షణం ఆ మినహాయింపు మీకు వర్తించదు.

ఇక పాట విషయం. మీ సభ్యుల్లో రెండు గంటలపాటు శ్రుతిలో నిలబడి పద్యం పాడగలవారు ఎందరున్నారో ముందు చూసుకోండి. హరిశ్చంద్రుడి పాత్ర ఒక్కటే గొంతును పిండేస్తుంది, పైగా "ఒన్స్ మోర్" అనగానే మళ్ళీ ఎత్తుకోవాలి. ఒక్కరే ఉంటే పూర్తి నాటకం జోలికి పోకుండా, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలోని రాయబారం ఆడండి. అందులో పద్యాలు కృష్ణుడు, దుర్యోధనుడు, ధర్మరాజు, భీముడు, అర్జునుడు, కర్ణుడు పంచుకుంటారు కాబట్టి మధ్యస్థంగా పాడేవారు కూడా నెట్టుకురాగలరు, స్త్రీ పాత్రల కొరత కూడా మిమ్మల్ని బాధించదు. జంటలో చివరగా చెళ్ళపిళ్ళ వారు 1950లో పోయారు, కనుక హక్కుల చిక్కు కూడా లేదు.

మూడో సమాధానం

అక్టోబరులో సముద్రతీరాన ఆరుబయట నాటకమా! హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. ఏటా అంత పెద్దది రాకపోవచ్చు గాని, అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో ఒక్క వాయుగుండం పట్టినా మీ సెట్టు, మైకులు, అద్దెకు తెచ్చిన కిరీటాలతో సహా తడిసిపోతాయి. గాలి లేని రోజున కూడా అలల హోరులో హార్మోనియం రెండో వరుసకే వినపడదు. ఆ రెండు నెలలూ కళాభారతి వంటి కప్పున్న చోటు చూసుకోండి, ఆరుబయట ప్రదర్శనను సంక్రాంతి దాటాక పెట్టుకోండి, అదైనా తీరానికి కాస్త ఎడంగా. పిల్లల నాటకాన్ని ఏప్రిల్‌కు తోయడం కూడా నాకు నచ్చలేదు. పరీక్షలు ముగిసేవరకు రిహార్సల్‌కు ఏ తల్లీ పంపదు. దసరా సెలవుల్లో పాటలు నేర్పి నవంబరులో ఆడించండి. తల్లిదండ్రులు, తాతలు, పక్కింటివాళ్ళు వస్తారు, హాలు దానంతటదే నిండుతుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అందరం కూర్చొని మాట్లాడుకున్నాము. జాషువా గారి పద్యాల సంగతి విని మా పెద్దలు కాసేపు నమ్మలేదు, తరువాత రాయబారానికి ఒప్పుకున్నారు. నిజం చెప్పాలంటే పద్యం పాడగలవారు మాలో ముగ్గురే తేలారు. ఆగస్టులో కన్యాశుల్కం, నవంబరులో పిల్లల నాటకం, సంక్రాంతి తరువాత ఆరుబయట రాయబారం. నిజం నాటకాన్ని అనుమతి చేతికి వచ్చాకే ఏప్రిల్‌కు ప్రకటిస్తాము. గిరీశం పాత్రధారి మాత్రం తన సీన్లు ఎన్ని పోయాయో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. మధురవాణికి ఇంకా ఎవరూ కుదరలేదు, తెలిసినవారు ఉంటే చెప్పండి.