షాద్‌నగర్ వైపు ప్రీలాంచ్ ప్లాట్: ఆదివారం లోపు టోకెన్ ఇవ్వమంటున్నారు, ఇవ్వొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఎనిమిదేళ్లలో 12 లక్షలు కూడబెట్టాను. అమ్మ బంగారం తాకట్టు పెడితే ఇంకో 3 లక్షలు వస్తాయి. షాద్‌నగర్ దగ్గర ఒక వెంచర్‌లో 167 గజాల ప్లాట్ చూపించారు. పక్క వెంచర్‌లో గజం 14 వేలు, వీళ్లు ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మకం) అని 9 వేలకే ఇస్తామంటున్నారు. కానీ డబ్బంతా 45 రోజుల్లో కట్టాలి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు నంబరు ఆరు నెలల్లో వస్తుందట. ఆదివారం లోపు లక్ష టోకెన్ అడుగుతున్నారు. భూమి కొనడం ఇదే మొదటిసారి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్ముడూ, టోకెన్ ఇవ్వొద్దు. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను నమోదు చేయించకుండా అమ్మకూడదు, ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ కూడా తీసుకోకూడదు. నమోదయ్యాక కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. నిన్నేమో మొత్తం కట్టమంటున్నారు!

గజానికి 5 వేలు ఎందుకు తగ్గిస్తున్నారో ఆలోచించు. చాలాచోట్ల రైతుకు కట్టే డబ్బు కూడా మనలాంటి వాళ్ల దగ్గర వసూలు చేసిందే ఉంటుంది. రైతుతో తేడా వచ్చినా, అనుమతి ఆగిపోయినా మునిగేది మనమే. నేనూ ఇలాగే ఒకచోట 6 లక్షలు కట్టాను. చేతిలో ఉన్నది రశీదు ఒక్కటే. నాలుగేళ్లు తిరిగితే సగం వచ్చింది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

జవాబు 2:
నేను డాక్యుమెంట్ రైటర్‌ని. రెరా నంబరు ఉన్న వెంచరైనా కళ్లు మూసుకుని కొనకండి. లేఅవుట్ కాపీ అడిగి తీసుకోండి. అది డ్రాఫ్టా, ఫైనలా చూడండి. డ్రాఫ్ట్ దశలో రోడ్లు, డ్రైనేజీ పూర్తి చేస్తామన్న హామీగా కొన్ని ప్లాట్లు లేఅవుట్‌కు అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థలకు, అంటే హెచ్ఎండీఏ లేదా డీటీసీపీకి తనఖాలో ఉంటాయి. మీ ప్లాట్ నంబరు ఆ జాబితాలో ఉంటే విడుదలయ్యేదాకా ముట్టుకోవద్దు. మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువగా చూడకుండా వదిలేసేది ఇదే.

తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల రిజిస్ట్రేషన్ వివరాలు చూపే పత్రం. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. ప్లాట్ నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి తీయండి. ఇంకో మెలిక ఉంది. వెంచర్లు ఎక్కువగా ఒకప్పటి వ్యవసాయ భూములే. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ ఆఫీసులోనే జరుగుతున్నాయి. కాబట్టి సబ్‌రిజిస్ట్రార్ ఈసీ ఖాళీగా ఉందని సంబరపడొద్దు. ఆ భూముల రికార్డులుండే పోర్టల్ అప్పట్లో ధరణి, ఇప్పుడు భూభారతి, అక్కడి లావాదేవీలూ చూడాలి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా, అసైన్డ్ భూమా (ప్రభుత్వం పేదలకిచ్చిన, అమ్మకూడని భూమి), చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దులోకి) వస్తుందా అన్నది కూడా తేల్చుకోండి. లింక్ డాక్యుమెంట్లన్నీ (ఆ భూమి ఇంతకుముందు చేతులు మారిన పాత పత్రాలు) మీరే పెట్టుకున్న లాయరుకు చూపించండి. వెంచర్ వాళ్లు చూపించే లాయరు వద్దు.

జవాబు 3:
డబ్బు లెక్క కూడా చూసుకోండి. 167 గజాలు, గజం 9 వేలు అంటే 15 లక్షల 3 వేలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపి 7.5 శాతం, అంటే మరో 1,12,000 పైనే. బంగారం తాకట్టు పెట్టినా మీ డబ్బు చాలదు. ఓపెన్ ప్లాట్‌కు అద్దె రాదు, కానీ తాకట్టు వడ్డీ మాత్రం నెలనెలా పడుతుంది. అవసరానికి వెంటనే అమ్ముడుపోతుందన్న నమ్మకమూ లేదు. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టి, మిగిలినదానికి సరిపోయే చిన్న ప్లాట్ చూసుకోండి. చుట్టూ నాలుగు ఇళ్లు లేచిన ఫైనల్ లేఅవుట్‌లో రీసేల్ ప్లాట్ అయితే మేలు. గజం ధర ఎక్కువే, కానీ హద్దురాళ్లు కళ్లతో చూసి కొంటారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఏజెంటుకు ఫోన్ చేసి లేఅవుట్ కాపీ, సర్వే నంబరు అడిగాను. టోకెన్ ఇచ్చాకే పంపిస్తామన్నారు. ఇవ్వనని చెప్పేశాను. అమ్మ బంగారం ఇంట్లోనే ఉంటుంది. కొత్తూరు దగ్గర 110 గజాల రీసేల్ ప్లాట్ ఒకటుందని మా ఆఫీసులో అన్న చెప్పాడు. అక్కడ మొదట ఏం అడగాలి?

జవాబు 2:
అమ్మే ఆయన రిజిస్టర్డ్ డాక్యుమెంట్ జిరాక్స్ అడగండి. అందులో సర్వే నంబరు, ప్లాట్ నంబరు, నాలుగు వైపుల హద్దులు ఉంటాయి. అది చేతికొచ్చాక ఈసీ తీసి ఇక్కడ చెప్పండి, కలిసి చూద్దాం.